లంకవారికి కబురెవరు చెప్పవలెను?



ఉయ్యూరు నుండి ఏటివైపు పోవు త్రోవలో ఒక చిన్న సంఘమున్నది. ఒక వేసవి చివరను అక్కడ జరిగిన కూటమునకు నేను పోయితిని. పంచాయతి కార్యదర్శి వచ్చి, వరద వచ్చినయెడల ఊరివారు ఏ బడిలో తల దాచుకొనవలెనో, ఎవరి ట్రాక్టరు ఏ వీధివారిని ఎక్కించుకొనవలెనో కాగితము చూచి చదువుచుండెను. వినుచున్నవారిలో నుండి ఒక వృద్ధుడు లేచి, "అయ్యా, గాలీ వానా దేవుడి చేతిలో ఉన్నయ్యి. మీ కాగితంలో ఏముందండీ? ఆయన తియ్యాలనుకుంటే మీ ట్రాక్టరు ఆపుద్దా?" అని అడిగెను. కొందరు నవ్విరి. కార్యదర్శి కూడ నవ్వి కాగితము మడిచి జేబులో పెట్టుకొనెను. కూటము అంతటితో ముగిసినట్లే ఆయెను.

నేను నవ్వలేదు. ఆ వృద్ధుడు ఎగతాళికి అడిగినవాడు కాడు. 1977 వ సంవత్సరపు ఉప్పెనలో తన తోడబుట్టినదానిని పోగొట్టుకొనినవాడు. ఆయన ప్రశ్నకు నవ్వు చాలదు, జవాబు కావలెను.

మొదట ఆయన చేలో పారు నీటిని గూర్చి చెప్పుదును. ఆ నీరు పుల్లేరు నుండి వచ్చును, పుల్లేరుకు బెజవాడ వద్దనుండి వచ్చును. 1832, 1833 సంవత్సరములలో వచ్చిన నందన కరువున గుంటూరు సీమలోని 5 లక్షల జనులలో సుమారు 2 లక్షలమంది నశించిరని చెప్పుదురు. అప్పుడు కృష్ణలో నీరు లేక కాదు, అది సముద్రమునకు పోవుచునే యుండెను. దానిని నిలిపి చేలకు మళ్లించు కట్ట లేకపోయెను. కాటన్ దొరగారి తలంపు ప్రకారము ఓర్ దొరగారు కట్టించిన ఆనకట్ట 1855 నాటికి పూర్తియాయెను. 1952 లో దానికి గండి పడగా, దాని చెంతనే కట్టిన ప్రకాశం బ్యారేజి 1957 లో పని మొదలుపెట్టెను. ఆ కట్ట మీద నమ్మకముతో నారు పోయువాడు అవిశ్వాసియని మనలో ఎవరును అనరు. వాన దేవునిదే, కట్ట మనుష్యులది. కరువు విషయములో ఈ మాట ఒప్పుకొనిన మనము వరద విషయములో ఎందుకు ఒప్పుకొనమో నాకు తెలియదు. బహుశః కట్ట ప్రతి సంవత్సరమును పంట చూపించును, ముందు జాగ్రత్త ఏమియు చూపించదు. ఈ సంగతికి మరల వచ్చెదను.

ఇక ఉప్పెన మాట. మన బందరు తీరమునకు ఇది క్రొత్త కాదు. 1864 నవంబరు 1 వ తేదీ రాత్రి సముద్రము పొంగి బందరు మీదికి వచ్చినప్పుడు సుమారు 30,000 మంది చనిపోయిరి. నోబుల్ దొరగారు బందరులో బడి నడుపుచున్న దినములవి. నాడు తుపాను వచ్చుచున్నదని తెలిసికొను సాధనమే లేదు. వారిని తప్పుపట్టుటకు వీలులేదు.

1977 నవంబరు 19 శనివారము. ఆ దినమునాటికి సాధనము కొంత ఉన్నది. రేడియో ఉన్నది, వాతావరణ శాఖ ఉన్నది. తుపాను దక్షిణముగా పోవునని మొదట తలచిరి. అది ఉత్తరమునకు తిరిగి నిజాంపట్నము, చీరాల ప్రాంతమున తీరము దాటెను. తీరము దాటిన చోటికి కుడిప్రక్కన దివిసీమ యుండెను. తుపాను గాలి సుడి తిరుగునప్పుడు మన తీరమున కుడిప్రక్కనే సముద్రమును భూమి మీదికి తోయును. ఎడమప్రక్కన గాలి భూమి మీదినుండి సముద్రము వైపు వీచును. కావున కొద్ది మైళ్ల దూరముతో బ్రతుకును చావును వేరైపోయెను. 15 అడుగులకు పైబడిన నీరు గోడవలె వచ్చి సొర్లగొంది, హంసలదీవి, నాగాయలంక, కోడూరు ప్రాంతములను తుడిచివేసెను. సుమారు 10,000 మంది అని ప్రభుత్వపు లెక్క. అంతకు మిక్కిలి ఎక్కువయని ఆ సీమవారు నేటికిని చెప్పుదురు. రేడియోలో చెప్పినమాట లంకలోని పాకవరకు రాలేదు. వచ్చినచోట కూడ, ఎక్కడికి పోవలెను? ఎత్తైన గట్టి కట్టడము లేదు. తాటాకు పాకలోనివాడు పోయి ఏ తాటిచెట్టును పట్టుకొనవలెను? పట్టుకొని బ్రతికినవారున్నారు. అందరును చెట్టెక్కలేరు గదా.

ఇప్పుడు 1990 సంవత్సరము చూడుడు. మే 9 వ తేదీన మరియొక పెనుతుపాను సరిగా కృష్ణా ముఖద్వారము వద్దనే తీరము దాటెను. గాలి తీవ్రత మొదటిదానికి తీసిపోలేదు. ఈమారు చనిపోయినవారు 967 మంది. 967 తక్కువ సంఖ్య కాదు, ఒక్కొక్కరికి ఒక తల్లి యుండెను. అయినను 10,000 ఎక్కడ, 967 ఎక్కడ? రెండు తుపానులు ముమ్మూర్తుల ఒక్కటి కావు, ఆ సంగతి ఒప్పుకొందును. కాని నడిమి 13 సంవత్సరములలో జరిగిన పని చూడవలెను. తీరము వెంబడి తుపాను ఆశ్రయ భవనములు లేచెను. వాటిని కట్టినవారిలో ప్రభుత్వముతో పాటు కాసా వంటి క్రైస్తవ సేవా సంస్థలును ఉన్నవి. ఉపగ్రహము నుండి హెచ్చరికను నేరుగా వినిపించు యంత్రములను తీరప్రాంతములలో పెట్టిరి. తుపాను రాకముందే లక్షకు పైగా జనులను పల్లపు గ్రామములనుండి తరలించిరి. అధికారులు ఊరూర తిరిగి, రామన్నవారిని బలవంతము చేసి లారీలెక్కించిరి.

ఆ వృద్ధునితో నేను చెప్పదలచినది ఇదే. 1977 లో మన దివిసీమ విశ్వాసులకు భక్తి తక్కువై చనిపోలేదు, 1990 లో భక్తి ఎక్కువై బ్రతుకలేదు. ఆ సముద్రమే, ఆ దేవుడే. మారినది మనుష్యుల ఏర్పాటు. అటువంటప్పుడు 1977 నాటి చావులన్నిటిని దేవుని ఖాతాలో వ్రాయుట న్యాయమా? ఆ ఖాతాలో మన భాగము కొంత ఉన్నదేమో! ఐగుప్తులో ఏడు సమృద్ధి సంవత్సరములలో పంటలో అయిదవ వంతు కొట్లలో వేయించిన యోసేపును మనము భక్తిహీనుడని బోధించుట లేదు. పైగా కరువు వచ్చునని తెలియజేసినది దేవుడే, కొట్లు కట్టించినది యోసేపు. తెలియజేయబడుట కట్టుటకే.

ఇంతవరకు తేలిక. ఇక నాకు కష్టమైన సంగతి చెప్పవలెను. ఇది ఇతరులను గూర్చినది కాదు.

2024 ఆగస్టు చివరను కురిసిన వాన మీకు జ్ఞాపకమున్నది. బెజవాడలో రెండు దినములలో పాతిక సెంటీమీటర్లకు మించి కురిసెను. సెప్టెంబరు 1 ఆదివారము. ఆ ఉదయము నేను ఏటియొడ్డు సంఘములో ఆరాధనకు పోయితిని. బయలుదేరునప్పటికే నా ఫోనులో కబురున్నది. బ్యారేజి వద్ద నీరు త్వరగా పెరుగుచున్నది, లంకలవారు పశువులతో ఒడ్డు చేరవలెను, అని. చదివితిని. జేబులో పెట్టుకొంటిని. మా సంఘములో ప్రకటనలు ఆరాధన చివరను చదువుట వాడుక. అప్పుడు చెప్పెదమనుకొంటిని. కీర్తనలు పాడితిమి. వానలు నిలుచునట్లు, ప్రజలు కాపాడబడునట్లు ఒక పెద్ద చాలసేపు ప్రార్థన చేసిరి, నేను ఆమేన్ అంటిని. ప్రసంగము జరిగెను. రెండు గంటలు దాటిన తరువాత నేను లేచి కబురు చదివితిని.

వెనుక చాపమీద కూర్చున్న ఒక విధవరాలు కొంగు నోటికి అడ్డము పెట్టుకొని లేచి బయటికి పరుగెత్తెను. ఆమె రెండు గేదెలు, ఒక దూడ, పాయకు ఆవల లంకలో గుంజలకు కట్టబడియున్నవి. ఉదయము మోకాలిలోతున దాటివచ్చిన పాయ అప్పటికి పడవవాడు కూడ దిగనన్నంత పారుచున్నది. మరునాటి ఉదయమునకు బ్యారేజి నుండి 11 లక్షల 43 వేల క్యూసెక్కుల నీరు వదలబడెను. లంకలలో అరటి, పసుపు, కంద, తమలపాకు తోటలు ఏమియు కనబడలేదు, నీరే కనబడినది. విప్పి వదలినయెడల ఈదియుండెడివేమో. పలుపులు మెడలనుండగా అవి ఏమి చేయగలవు?

వారము దినముల తరువాత ఆమెను చూచుటకు పోయితిని. బియ్యము, దుప్పటి పట్టుకొనిపోయితిని. ఆమె నన్ను తిట్టలేదు. "మాస్టారూ, ఆ ముక్కేదో మొదట్లోనే చెప్తే గేదెల్ని విప్పుకొచ్చేదాన్ని కదండీ" అనెను, అంతే. దుప్పటి తీసికొని లోపలికి పోయెను.

చదువరీ, నేను ఎవరికిని కీడు చేయలేదు. అబద్ధమాడలేదు. దొంగిలించలేదు. ప్రార్థన చేసితిని. అయినను ఆ రెండు గంటలు నా జేబులో నుండినది ఆమె జీవనాధారము. యెహెజ్కేలు ప్రవక్తకు చెప్పబడిన కావలివాని సంగతి మనమెరిగినదే. ఖడ్గము వచ్చుట చూచియు బూర ఊదనివాడు నిర్దోషి కాడు. బూర ఊదువాడు కోట గోడ మీద నుండు బంట్రోతు అని నేననుకొనుచుంటిని. ఈ దినములలో ఫోను పట్టుకొనిన ప్రతివాడును గోడ మీదనే యున్నాడు. తెలిసిన క్షణమునుండి బాధ్యత మనదగును, చివర ప్రకటనలవరకు ఆగదు.

పూర్వము తెలియకపోవుట వలన చచ్చిరి. ఇప్పుడు తెలిసినమాట నడువకపోవుట వలన చచ్చుచున్నారు. కలెక్టరు కార్యాలయము నుండి తహశీలుదారుకు, అతనినుండి సచివాలయమునకు కబురు నిమిషములలో వచ్చును. అక్కడినుండి లంకలోని చివరి పాకకు పోవు అరమైలు దూరమే మిక్కిలి కష్టము. బంగ్లాదేశ్ వారు ఈ సంగతి గొప్ప వెల పెట్టి నేర్చుకొనిరి. 1970 లో వారి తీరమునకు వచ్చిన తుపానులో 3 లక్షలకు తక్కువ గాకుండ చనిపోయిరి. తరువాత అక్కడి ప్రభుత్వమును రెడ్ క్రెసెంట్ సంఘమును కలిసి ఊరూర స్వచ్ఛంద సేవకులను ఏర్పరచి, వారికి జెండా, మైకు ఇచ్చి, ఇంటింటికి పోయి చెప్పుట నేర్పిరి. పరపురుషుడు వచ్చి పిలిచినను ఇల్లు కదలని స్త్రీలకొరకు స్త్రీలనే సేవకురాండ్రుగా చేర్చుకొనిరి. 2007 లో అంతటి తీవ్రమైన తుపాను వచ్చినప్పుడు చనిపోయినవారు కొన్ని వేలు, లక్షలు కారు. వారు మనకంటె ధనవంతులు కారు.

ఇప్పుడు మొదట విడిచిన మాటకు వచ్చెదను. మనము ముందు పని ఎందుకు చేయము?

బుడమేరును చూడుడు. మైలవరము కొండలలో పుట్టి కొల్లేటికి పోవు ఏరు అది. వెలగలేరు వద్ద దానిని మళ్లించి కృష్ణలోనికి పంపు కాలువ ఉన్నది. కృష్ణయే నిండుగా నున్నప్పుడు ఆ కాలువ నీరు పోవుటకు చోటేది? 2005 లో బుడమేరు బెజవాడను ముంచెను. 2024 లో ఆ మళ్లింపు కాలువ కట్టకు మూడు గండ్లు పడి, అజిత్‌సింగ్ నగరము, రాజరాజేశ్వరిపేట, పాయకాపురము ప్రాంతములలో ఇండ్లు నీట నిలిచెను. 2 లక్షలకు పైగా జనులు బాధపడిరి. సైన్యము వచ్చి గండ్లు పూడ్చవలసివచ్చెను, మిద్దెల మీదనున్నవారికి డ్రోనులతో అన్నపు పొట్లములు వేసిరి. ఈ రెంటి నడుమ 19 సంవత్సరములు. ఆ 19 సంవత్సరములలో బుడమేరు చాలవరకు ఎండిపోయిన మురుగు కాలువవలె కనబడెను. ఎండిన కాలువలో చెత్త వేయుట, దాని గట్టున ఇల్లు కట్టుట, పట్టా అడుగుట, పట్టా ఇచ్చుట, ఇవన్నియు పాపములుగా తోచవు. ఓటు అడుగువాడు ఎండిన కాలువ బాగుచేసెదనని చెప్పినయెడల ఎవరు వినెదరు?

మనలను గూర్చి కూడ చెప్పవలెను. నేనెరిగిన ఒక దేవాలయపు ప్రహరిగోడ ప్రక్కనున్న బోదెకాలువ మీదికి నాలుగడుగులు జరిగి కట్టబడెను. స్థలము కలిసివచ్చెనని సంఘమంతయు సంతోషించెను. గోడ వెనుక పల్లపు వీధిలో ప్రతి వానకు నీరు నిలుచును. ఆ వీధిలో నుండువారు కూడ మన సంఘస్థులే. మన పల్లెలు అనేకము ఊరికి పల్లపు దిక్కుననే యున్నవి. అది ఎట్లు సంభవించెనో మీకు నేను చెప్పనక్కరలేదు. నీరు పల్లమెరుగును, నిజము దేవుడెరుగును అని పెద్దలందురు. పల్లములో ఎవరిని కాపురముంచితిమో దానినిబట్టి నీరు ఎవరిని మొదట చేరునో తెలియును. వరదను ప్రకృతి చేసెనందుము, పల్లమును మనమే పంచితిమి.

ముందు పని చేయకపోవుటకు కారణము నాకు ఇట్లు తోచుచున్నది. వరద తరువాత అన్నము పంచినవానికి దండము పెట్టుదురు. అతని బొమ్మ పత్రికలో వచ్చును. గుర్రపుడెక్క తీయించి, కట్టమీది ఎలుక బొక్కలు పూడ్పించి, ముసలివారి జాబితా వ్రాసి పెట్టినవానికి ఎవరును దండము పెట్టరు. అతని వలన చావకుండ మిగిలినవాడు తాను మిగిలితినని ఎరుగడు. 1990 లో బ్రతికినవారిలో ఏ ఒక్కడును 'నన్ను ఫలానా భవనము బ్రతికించెను, నేను లేకున్న పదవవాడిని' అని లెక్కించుకొనలేడు. కావున ఈ సేవకు ఫలము లోకములో కనబడదు. కుడిచేయి చేయునది ఎడమచేతికి తెలియని ధర్మము కావలెనన్నయెడల, ఎండాకాలములో మురుగు కాలువ తవ్వుటకంటె మించినది నాకు కనబడుట లేదు. బియ్యము పంచుట తప్పని చెప్పుట లేదు. నేనును పంచితిని. కాని ఆ బియ్యపు మూటలో నా రెండు గంటల ఋణము కూడ ఉన్నదని నాకు తెలియును.

ఇకమీదట ఈ పని తగ్గునది కాదు, పెరుగునది. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కినయెడల అది సుమారు నూటికి ఏడు వంతులు అధికముగా నీటి ఆవిరిని మోయగలదని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. మోసినది ఎక్కడనో ఒక్కసారిగా దింపును. వేడి కూడ అట్టిదే. 2015 వేసవిలో మన రాష్ట్రములో వేయిమందికి పైగా వడదెబ్బకు చనిపోయిరి, ఒక్క చెట్టు కూలలేదు, చప్పుడు లేదు. చేలలో కలుపు తీయువారు, రోడ్డు పని చేయువారు, ఒంటరి ముసలివారు. దానికి సైతము కావలసినది పెద్ద యంత్రము కాదు. పని వేళలు మార్చుట, నీడ, కుండెడు నీరు, ముసలమ్మ తలుపు మధ్యాహ్నమొకసారి తట్టుట.

ప్రభుత్వము పని ప్రభుత్వము చేయవలెను. 2005 నాటి విపత్తుల నిర్వహణ చట్టము ప్రకారము ప్రతి జిల్లాకును కలెక్టరు అధ్యక్షతన ఒక సంస్థ ఉండవలెను. జిల్లాపరిషత్తు అధ్యక్షుడు అందులో సహాధ్యక్షుడు. పంచాయతీలు, పురపాలక సంఘములు తమ ఉద్యోగులకు శిక్షణ ఇప్పించి, సామగ్రి సిద్ధముగా నుంచవలెనని కూడ అందులో ఉన్నది. ఇది దయ కాదు, వారి విధి. గ్రామసభలో లేచి, "మన ఊరికి పడవ ఉన్నదా? ఎక్కడ ఉన్నది? దాని త్రాడు ఎవరిదగ్గర ఉన్నది?" అని అడుగు హక్కు మీకున్నది. త్రాడు మాట చిన్నదని తలచకుడు. 2024 వరదలో కొట్టుకొనివచ్చిన పడవలు ప్రకాశం బ్యారేజికి తగిలి గేట్ల బరువుదిమ్మెలను పగులగొట్టెను.

అయితే ప్రభుత్వమునకు తెలియని సంగతులు సంఘమునకు తెలియును. ఎవరింట మంచము పట్టినవారున్నారు, ఎవరికి నెలలు నిండినవి, ఎవరి కొడుకు పట్నములో నుండి తల్లి ఒంటరిగా నున్నది, ఎవరికి చెవులు వినబడవు, ఇవన్నియు కాపరికిని, స్త్రీల సమాజమువారికిని కంఠస్థము. దానిని ఒక కాగితము మీద వ్రాసి సచివాలయములో ఇచ్చుటకు ఒక్క సాయంకాలము చాలును. క్రైస్తవుల పేర్లు మాత్రమే వ్రాసినయెడల ఆ కాగితము ఇయ్యకుండుటే మేలు.

దేవాలయపు తాళపుచెవి సంగతి కూడ ఆలోచింపుడు. అనేక గ్రామములలో మన దేవాలయమే గట్టి కట్టడము, ఎత్తైన అరుగుగలది. అర్ధరాత్రి నీరు వచ్చిన యెడల ఆ తాళపుచెవి ఎవరియింట నున్నది? ఆ ఇల్లు పల్లములో నున్నదా? తలుపు తెరచినప్పుడు అందరును లోనికి వత్తురా? రామందిరపు వీధివారు మన గుమ్మము త్రొక్కుదురా, మనము వారి మందిరములోనికి పోనిత్తుమా? ఈ ప్రశ్నలు వర్షములో తడియుచు అడుగునవి కావు. ఎండలో, తీరికగా, రెండు వీధుల పెద్దలు ఒక అరుగుమీద కూర్చుండి మాటలాడుకొనవలసినవి. ఒకచోట నేనీ మాట ఎత్తగా ఇరుప్రక్కలను ముఖములు ముడుచుకొనిరి. మాట తెగలేదు. మరల పోవలెను.

ఆ వృద్ధుని యింటికి నేను తరువాత పోయి ఇక్కడ వ్రాసినదంతయు చెప్పితిని. ఆయన చాలసేపు ఏమియు అనలేదు. చివరకు, "మా చెల్లికి ఎవరూ చెప్పలేదండీ" అనెను. తరువాత జరిగిన కూటమునకు వచ్చి, తన మనుమని ట్రాక్టరు పేరు జాబితాలో వ్రాయించెను. డీజిలు ఎవరు పోయించెదరో తేలలేదు, అందుకై కార్యదర్శితో తగవు పడుచునే యున్నాడు.

మా సంఘములో ఇప్పుడు ప్రకటనలు మొదటి కీర్తనకు ముందే చదువుచున్నాము. క్రమము చెడినదని కొందరు పెద్దలకు కోపమున్నది. ఆ విధవరాలు అప్పు చేసి ఒక గేదెను కొనెను. వర్షకాలములో దానిని కరకట్టకు ఈవలనే కట్టుచున్నది, గడ్డికొరకు మాత్రమే లంకకు పోవుచున్నది. ఆదివారమున గుమ్మముప్రక్కన కూర్చుండి, నేను కాగితము తీయువరకు నా జేబువైపే చూచుచుండును.